‘కోసిన’ అన్న మాటలో వ్యాకరణం ఎంత, అర్థం ఎంత?

మామిడి సీజన్‌లో దామలచెరువు మండీకి వెళ్తే ‘కోసిన’ అన్న మాట పొద్దస్తమానం చెవిన పడుతుంది. కోసిన కాయ, కోసిన కూలీ, కోసిన చిక్కం, కోసిన చెట్టు, కోసిన తోట, కోసిన దినం. ఆరు చోట్లా మాట ఒకటే, దాని వెనకున్న సంబంధం మాత్రం ఆరు రకాలు. కాయను కోశారు. కూలీ కోశాడు. చిక్కంతో కోశారు. చెట్టు నుంచి కోశారు. తోటలో కోశారు. ఆ దినాన కోశారు. ఈ ‘ను’, ‘తో’, ‘నుంచి’, ‘లో’ అన్నీ ‘కోసిన’ దగ్గరికి వచ్చేసరికి మాయమైపోతాయి. కోయు ధాతువుకు ‘ఇన’ చేరింది, అంతే. ఆ ‘ఇన’ చెప్పేది ఒక్కటే: తర్వాత వచ్చే పేరుకు ఈ పనితో ఏదో సంబంధం ఉంది. ఆ ఏదో ఏమిటన్నది వినేవాడు చూసుకోవాలి.

వినేవాడు తడబడడు. బేనీషా కాయ తనను తాను కోసుకోదని, చిక్కానికి ఎవరూ కూలి ఇవ్వరని అతనికి తెలుసు. ‘కోసిన కూలి ఇంకా ఇయ్యలేదు’ అని ఎవరైనా అంటే, అక్కడ కూలి అంటే మనిషి కాదని, డబ్బులని కూడా వెంటనే పట్టేస్తాడు. అది ఏడో సంబంధం.

వాక్య నిర్మాణానికీ అర్థానికీ మధ్య గీత ఎక్కడుందన్నది భాషాశాస్త్రంలో, తత్వశాస్త్రంలో చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న. నిర్మాణమే అర్థాన్ని పుట్టిస్తుందని ఒక పక్షం, అర్థం ముందుంటే నిర్మాణం దానికి తొడుగు మాత్రమేనని ఇంకో పక్షం. తెలుగు వాక్యాలను దగ్గరగా చూస్తే రెండూ సరిపోవు. వ్యాకరణం కొంతదూరం చెప్పి ఆగుతుంది, అక్కడినుంచి మనిషికి లోకం గురించి తెలిసినది అందుకుంటుంది. ఎక్కడ ఆగుతుందన్నది భాషను బట్టి, ఒకే భాషలో నిర్మాణాన్ని బట్టి మారుతుంది. ఆసక్తి అంతా ఆ ఆగే చోట్లలోనే ఉంది.

మండీలోని సంబంధాలకు పాణిని ఏనాడో పేర్లు పెట్టాడు. కర్త, కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం అని ఆరు కారకాలు. కూలీ కర్త, కాయ కర్మ, చిక్కం కరణం, చెట్టు అపాదానం, తోటా దినమూ అధికరణం. సంప్రదానం ఒక్కటి ‘కోసిన’ దగ్గర దొరకదు, ‘ఇచ్చిన’ దగ్గర దొరుకుతుంది. ‘నేను డబ్బు ఇచ్చిన వ్యాపారి’ పుచ్చుకున్నవాడు. ‘నాకు డబ్బు ఇచ్చిన వ్యాపారి’ ఇచ్చినవాడు. ఆ ‘నేను’, ‘నాకు’ తీసేసి ఉత్తినే ‘డబ్బు ఇచ్చిన వ్యాపారి’ అంటే ఎవరు ఎవరికి బాకీ అన్నది మాటల్లో లేదు. ముందునుంచీ ఆ సంభాషణలో ఉన్నవాడికే తెలుస్తుంది.

కారకాల గొప్పతనం ఏమిటంటే అవి అచ్చంగా రూపమూ కావు, అచ్చంగా అర్థమూ కావు. విభక్తి ప్రత్యయం రూపం. తోటలో నిజంగా జరిగినది లోకం. కారకం ఆ రెంటి మధ్య మెట్టు. ‘తాళంచెవి తలుపు తెరిచింది’ అంటే తాళంచెవికి సొంత ఇష్టమేమీ ఉండదు, అయినా ఆ వాక్యంలో అదే కర్త. కర్త అంటే స్వతంత్రుడు అని పాణిని సూత్రం. ఆ స్వాతంత్ర్యం కూడా వక్త వివక్షను బట్టి ఉంటుందని వ్యాకరణ సంప్రదాయం సర్దిచెప్పింది. ఇప్పటి పేపర్లలో వివక్ష అంటే కొందరిని వేరుగా చూడటం. వ్యాకరణంలో మాత్రం చెప్పదలచుకున్న తీరు అని అర్థం. ఒకే సంఘటనను ఎటునుంచి చెప్పాలన్నది మాట్లాడేవాడి చేతిలో ఉంది, అలా ఎంచుకున్న కోణాన్నే వాక్యం మోస్తుంది. జరిగినదాన్ని ఉన్నదున్నట్టు మోయదు.

ఒక్క ‘ని’ విలువ

చిత్తూరు, తిరుపతి రోడ్డు మీద ప్రమాదం జరిగిందనుకుందాం. ‘లారీ గుద్దిన బస్సు’ అంటే తప్పు లారీ వైపు. ‘లారీని గుద్దిన బస్సు’ అంటే బస్సు వైపు. బీమా డబ్బు ఎటు పోవాలో ఆ ఒక్క ‘ని’ తేల్చేస్తుంది. ఇక్కడ లోకజ్ఞానం ఎందుకూ పనికిరాదు. లారీ బస్సును గుద్దగలదు, బస్సూ లారీని గుద్దగలదు. అందుకే వ్యాకరణం ఇక్కడ కచ్చితంగా ఉంటుంది, ‘ని’ని వదలనివ్వదు.

అదే ‘కాయ కోశాడు’, ‘అన్నం తిన్నాడు’, ‘టికెట్టు కొన్నాడు’ అనేటప్పుడు ఆ ‘ని’ ఎవరికీ గుర్తుకైనా రాదు. కాయ మనిషిని కోయదు కదా. ప్రాణమున్న కర్మకు మాత్రం ‘కూలీని పిలిచాడు’, ‘ఆవుని కట్టేశాడు’ అని ప్రత్యయం పెట్టి తీరాలి. ఎవరు ఎవరిని అన్న సందేహం వచ్చే చోట గుర్తు కావాలి, రాని చోట అక్కర్లేదు. దీన్ని చూస్తే వ్యాకరణం గొప్ప పొదుపరి అనిపిస్తుంది. అర్థం తనంతట తాను తేలిపోయే చోట నోరు మూసుకుంటుంది, తేలని చోట మాత్రమే నోరు విప్పుతుంది.

ఈ వివరణ అందంగా ఉంది. పూర్తిగా నిజమైతే వాక్య నిర్మాణం అర్థానికి పనిమనిషే అని ఇక్కడితో తేల్చేయవచ్చు. కానీ ఒక చిన్న వాక్యం దాన్ని చెడగొడుతుంది.

‘నేను బస్సులో వచ్చాను.’ దీన్ని ‘నేను వచ్చిన బస్సు’ అని తిప్పవచ్చు. ‘నేను స్నేహితుడితో వచ్చాను.’ దీన్ని ‘నేను వచ్చిన స్నేహితుడు’ అని తిప్పలేం. ఎందుకు తిప్పలేం? అర్థం కాకపోవడం వల్లనా? ‘నేను వచ్చిన స్నేహితుడు’ అని ఎవరైనా పొరపాటున అన్నా చెప్పదలచుకున్నది ఊహించడం కష్టమేమీ కాదు. స్నేహితుడి మీద ఎక్కి రాడు, స్నేహితుడిలో కూర్చుని రాడు, తోడుగా వచ్చి ఉంటాడు. లోకజ్ఞానం సిద్ధంగానే ఉంది. అయినా తెలుగు చెవి ఒప్పుకోదు. ‘నాతో వచ్చిన స్నేహితుడు’ అని కర్తను మార్చాలి, లేదా ‘నేను ఎవరితో వచ్చానో ఆ స్నేహితుడు’ అని చుట్టు తిరిగి రావాలి. ‘చిక్కంతో కోశాడు’లోనూ ‘తో’నే ఉంది, ‘స్నేహితుడితో వచ్చాడు’లోనూ ‘తో’నే ఉంది. పనిముట్టు ‘తో’ని మింగడానికి ‘ఇన’ ఒప్పుకుంటుంది, తోడు ‘తో’ని మింగడానికి ఒప్పుకోదు. బడిలో ఎవరూ ఈ నియమం నేర్పరు. అయినా బడికి పోని మనిషి కూడా దీన్ని తప్పడు.

ఇదీ నిర్మాణానికున్న మొండితనం. చాలావరకు అర్థం చెప్పినట్టు వింటుంది, కొన్ని చోట్ల మాత్రం అర్థం దగ్గర ఎంత మంచి కారణమున్నా తలొగ్గదు.

నిప్పుతో తడపడం

ఈ మొండితనాన్నే ఆధారం చేసుకుని భాషాశాస్త్రజ్ఞుడు నోమ్ చామ్‌స్కీ 1957లో ఒక వాక్యాన్ని ముందుకు తెచ్చాడు. తెలుగులో చెప్పాలంటే ‘రంగులేని పచ్చని ఆలోచనలు ఉద్రేకంగా నిద్రపోతున్నాయి’. అర్థం లేదు, అంతకుముందు ఎవరూ అని ఉండరు, అయినా ఆ భాషవాడెవడైనా అది వ్యాకరణం తప్పని వాక్యమని ఒప్పుకుంటాడు. అవే మాటలను వెనకనుంచి ముందుకు పేరిస్తే ఒప్పుకోడు. కాబట్టి వాక్యం సరైనదా కాదా అన్నది అర్థం మీద ఆధారపడదని ఆయన వాదన. ఇంగ్లిషులో ఈ వాదన గట్టిగా నిలుస్తుంది. తెలుగులో తిరగేసి చూడండి: ‘నిద్రపోతున్నాయి ఉద్రేకంగా ఆలోచనలు, పచ్చని, రంగులేని.’ పత్రికలో అచ్చయితే వచన కవిత అనుకుని చదువుతాం. విభక్తులున్న భాషలో మాటల వరుస ఇంగ్లిషులో ఉన్నంత పెత్తనం చేయదు. అలాగని పూర్తి స్వేచ్ఛా లేదు. విశేషణం పేరుకు ముందుండాలన్న నియమం మామూలు మాటలో అలాగే నిలబడి ఉంటుంది.

ఇదే ప్రశ్నను మన తార్కికులు వేరే వైపు నుంచి పట్టుకున్నారు. తిరుపతిలో 1961లో విద్యాపీఠంగా మొదలై 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అంటే చట్టం కాదు, తర్కం, ఇప్పటికీ పాఠంగా నడుస్తోంది. ఆ శాస్త్రంలో అడుగుపెట్టే పిల్లలు మొదట చదివేది అన్నంభట్టు రాసిన చిన్న పుస్తకం. వాక్యార్థం తెలియడానికి మూడు కావాలంటాడు ఆయన: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ‘ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు’ అని వరుసగా పలికితే వాక్యం కాదు, ఒక మాటకు ఇంకో మాట మీద ఆకాంక్ష లేదు. ‘నిప్పుతో తడపాలి’ అంటే ఆకాంక్ష ఉంది కానీ యోగ్యత లేదు, నిప్పుకు తడిపే గుణం లేదు కాబట్టి. ఇక ‘ఆవును’ అని పలికి, జాము గడిచాక ‘తోలుకురా’ అంటే సన్నిధి లేదు. జాము అంటే మూడు గంటలు. ఆవును తోలుకురావాల్సినవాడు ఈలోపు భోంచేసి కునుకు తీసి ఉంటాడు.

ఆకాంక్ష, సన్నిధి నిర్మాణానికి సంబంధించినవి. యోగ్యత అర్థానికి సంబంధించింది. చామ్‌స్కీ విడదీసినదాన్ని తార్కికులు ఒకే జాబితాలో పెట్టారు. ఎవరు సరి? ‘నిప్పుతో తడిపాడు’ అంటే మనకు నవ్వొస్తుంది. నవ్వు వచ్చిందంటే ఏదో బోధపడే ఉండాలి. ‘తిరుపతి సముద్రం ఒడ్డున ఉంది’ అన్న అబద్ధం అర్థం కాబట్టే అది అబద్ధమని చెప్పగలుగుతున్నాం. ఆ లెక్కన చామ్‌స్కీ వైపే మొగ్గాలి. కానీ తార్కికులు అడుగుతున్న ప్రశ్న వేరు. ఏ వాక్యం వింటే లోకం గురించి సరైన జ్ఞానం కలుగుతుంది అన్నది వాళ్ళ ప్రశ్న. ఏ వాక్యాన్ని ఒక భాష తనదిగా ఒప్పుకుంటుంది అన్నది చామ్‌స్కీ ప్రశ్న. ఈ రెంటినీ కలిపేసి ఒకరు గెలిచారని రాసే వ్యాసాలు తరచూ కనిపిస్తాయి. పోటీయే లేని చోట గెలుపేమిటి?

అసలు పోటీ వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసకుల మధ్య జరిగింది. మాటలు ముందు విడివిడిగా తమ అర్థాలు చెబుతాయి, తర్వాత ఆ అర్థాలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి అని కుమారిలభట్టు పక్షం. అతుక్కోకముందు మాటకు అర్థమే లేదు, ప్రతి మాటా ఇంకోదానితో కలిసే అర్థమిస్తుంది అని ప్రభాకరుడి పక్షం. ప్రభాకరుడి వైపువాళ్ళు చూపేది పిల్లల ఉదాహరణ. ఇంట్లో పెద్దాయన ‘ఆవును తోలుకురా’ అంటాడు, ఇంకొకరు వెళ్ళి తోలుకొస్తారు. తర్వాత ‘ఆవును కట్టెయ్, గుర్రాన్ని తోలుకురా’ అంటాడు. పక్కనున్న బిడ్డ మొత్తం వాక్యాలు విని, మొత్తం పనులు చూసి, ఏది మారితే ఏది మారిందో గమనించి ‘ఆవు’ను, ‘తోలుకురా’ను విడదీసుకుంటుంది. ముందు వాక్యం, తర్వాతే మాట. వ్యాకరణవేత్త భర్తృహరి ఇంకా ముందుకు పోయి వాక్యం విడదీయరాని ఒకే ముద్ద అన్నాడు. జర్మన్ తార్కికుడు ఫ్రేగె కూడా 1884లో, మాటకు అర్థమేమిటని ఒంటరిగా అడగవద్దు, వాక్యంలో పెట్టి అడగండి అన్నాడు. వాక్యం అర్థం దాని భాగాల అర్థాలనుంచి కట్టబడుతుందన్న సూత్రానికీ ఆయన పేరే పెడతారు. కుమారిలుడు, ప్రభాకరుడు ఇద్దరూ ఒకే మనిషిలో కాపురం ఉన్నట్టు.

మన ‘కోసిన’ ప్రభాకరుడికి సాక్షి. ‘కోసిన’ అని వినగానే కోత అన్నది తెలుస్తుంది, అది ఏ సంబంధమో పక్క మాట వచ్చేదాకా తెలియదు. అయితే ‘కోత’ అన్నది మాత్రం ముందే తెలిసింది కదా, అది కుమారిలుడి వాటా.

వాన పడి పూత రాలింది

నిర్మాణం, అర్థం ఒకదానితో ఒకటి బేరమాడుకోవడం చూడాలంటే ‘వచ్చి’, ‘పోయి’, ‘పడి’ లాంటి క్త్వార్థకాలను చూడాలి. రెండు పనులకూ కర్త ఒకరే అయినప్పుడు ముందు జరిగిన పనికి ఈ రూపం వస్తుందని పాణిని సూత్రం. తెలుగుకూ ఇదే నియమం పనికొస్తుంది. ‘సుబ్బడు వచ్చి కూర్చున్నాడు’ సరి. ‘సుబ్బడు వచ్చి నేను వెళ్ళాను’ కుదరదు, ‘సుబ్బడు వచ్చాక నేను వెళ్ళాను’ అనాలి.

మరి చిత్తూరు జిల్లాలో మామిడి రైతు ఎవరైనా అనే మాట చూడండి: ‘వాన పడి పూతంతా రాలిపోయింది.’ పడింది వాన, రాలింది పూత. కర్తలు ఇద్దరు. నియమం తప్పింది, అయినా ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. ‘కరెంటు పోయి మోటారు ఆగిపోయింది’, ‘బస్సు చెడిపోయి పెళ్ళివాళ్ళు దారిలో నిలిచిపోయారు’ కూడా అంతే. అలాగని కర్తలు వేరైనా పరవాలేదని అనుకోవడానికి లేదు. ‘వాన పడి రైతు దుక్కి మొదలుపెట్టాడు’ అంటే ఎక్కడో కాలికి రాయి తగిలినట్టుంటుంది. ‘వాన పడగానే’ అనో ‘వాన పడితే’ అనో సవరించుకుంటాం. తేడా ఎక్కడుంది? పూత రాలడం, మోటారు ఆగడం, పెళ్ళివాళ్ళు నిలిచిపోవడం ఎవరూ కోరి చేసినవి కావు. మొదటి పని ఫలితంగా వాటంతటవే జరిగాయి. దుక్కి మొదలుపెట్టడం రైతు నిర్ణయం. మొదటిది కారణమై, రెండోది ఎవరి ఇష్టంతోనూ పనిలేకుండా జరిగితే తెలుగు వ్యాకరణం గేటు తీస్తుంది. మధ్యలో మనిషి నిర్ణయం అడ్డొస్తే గేటు వేస్తుంది.

దీన్ని నియమానికి మినహాయింపు అని కొట్టిపారేయడం సులువు. కానీ ఈ మినహాయింపులో ఒక ఆలోచన ఉంది. కారణం, ఫలితం మధ్య సందు లేకపోతే రెండు సంఘటనలనూ ఒకే సంఘటనగా లెక్కపెడుతోంది భాష. కారణం అంటే ఏమిటి, నిర్ణయం అంటే ఏమిటి అన్న తేడాను ఏ తత్వవేత్తనూ అడగకుండా ప్రతి తెలుగువాడూ రోజుకు పదిసార్లు పాటిస్తున్నాడు.

లేదు, కాదు

ప్రశ్నలోని ‘ఆ’ ఇంకా గడుసుది. ‘నువ్వు నిన్న తిరపతికి పోయినావా?’ అన్నది మామూలు ప్రశ్న. ఆ ‘ఆ’ను క్రియ మీదనుంచి తీసి వేరే మాట మీద పెట్టండి. ‘నువ్వు నిన్ననా తిరపతికి పోయింది?’ ‘నువ్వు నిన్న తిరపతికా పోయింది?’ ‘నువ్వేనా నిన్న తిరపతికి పోయింది?’ క్రియ చూడండి, ‘పోయినావు’ కాస్తా ‘పోయింది’ అయిపోయింది. ‘నువ్వు’తో పొత్తు తెంచుకుని ఒక పేరులా మారిపోయింది. పోయిన సంగతి ఇద్దరికీ తెలిసిందే అన్నట్టు మూటగట్టి పక్కన పెట్టి, తెలియని ఒక్క ముక్క మీద వేలు పెట్టి అడుగుతున్నాం. ఏది తెలుసు, ఏది తెలియదు అన్న లెక్క వక్త మనసులో ఉండేది. దాన్ని వాక్య నిర్మాణం బయటికి తెచ్చి చూపిస్తోంది.

జవాబులు ఇంకా బాగుంటాయి. ‘పోయినావా?’ అంటే ‘లేదు’ అంటాం. ‘నిన్ననా పోయింది?’ అంటే ‘కాదు, మొన్న’ అంటాం. ఇక్కడ ‘లేదు, మొన్న’ అన్నా, అక్కడ ‘కాదు, పోలేదు’ అన్నా చెవికి కొంచెం తేడా కొడుతుంది. ‘లేదు’ సంఘటనను కొట్టేస్తుంది. ‘కాదు’ పోలికను కొట్టేస్తుంది, ఇది అది కాదని. క్రియ లేని వాక్యాల్లోనూ ఇదే పంపకం. ‘ఆయన డాక్టరు’ అన్నది క్రియే లేకుండా పూర్తి వాక్యం, దానికి ఎదురు ‘ఆయన డాక్టరు కాదు’. ‘డాక్టరు ఉన్నాడు’కు ఎదురు ‘డాక్టరు లేడు’. తిరుపతిలో ‘ఆయన దేవుడు కాదు’ అన్నవాడితో ఒక రకం తగాదా, ‘దేవుడు లేడు’ అన్నవాడితో పూర్తిగా వేరే తగాదా.

యూరప్ భాషల్లో చాలావాటికి ఈ రెంటికీ ఒకే క్రియ. ఆ ఒక్క క్రియ చుట్టూ అక్కడి తత్వశాస్త్రంలో పెద్ద చర్చే నడిచింది. ఉనికి అన్నది మిగతా లక్షణాల్లాంటి లక్షణం కాదని చెప్పడానికి కాంట్ 1781లో పేజీలు ఖర్చుపెట్టాల్సి వచ్చింది. మన భాషలో ఆ రెండూ ముందే వేరు వేరు అరల్లో ఉన్నాయి. ఇక్కడ ఛాతీ విరుచుకోబుద్ధవుతుంది, అది తొందరపాటు. అర ఉన్నంత మాత్రాన ఆలోచన జరిగినట్టు కాదు. ఒకే క్రియ ఉన్న భాషలో పుట్టిన కాంట్ ఆ తేడాను పట్టుకోగలిగాడు, రెండు మాటలున్న మనలో ఎంతమంది దాని గురించి ఎప్పుడైనా ఆలోచించారు?

భాష మన ఆలోచనను శాసిస్తుందన్న వాదనకు అమెరికన్ భాషావేత్త బెంజమిన్ లీ వార్ఫ్ పేరు గట్టిగా వినిపిస్తుంది. ఆ వాదన ముదురు రూపాన్ని ఇప్పుడు భాషాశాస్త్రజ్ఞులు దాదాపుగా ఒప్పుకోరు. ‘నాకు ఆకలేస్తా ఉంది’, ‘నాకు భయమేసింది’ అంటాం కాబట్టి తెలుగువాళ్ళు ఆకలిని, భయాన్ని బయటినుంచి వచ్చి మీదపడేవాటిగా భావిస్తారని ఎవరైనా రాస్తే నమ్మనక్కర్లేదు. ‘నేను భయపడ్డాను’ అనీ అదే నోటితో అంటాం. ‘నాకు’ అన్నప్పుడు ఒక లోకంలో, ‘నేను’ అన్నప్పుడు ఇంకో లోకంలో ఉండం. వాక్య నిర్మాణం కొన్ని తేడాలను తప్పనిసరిగా గమనించేలా చేస్తుంది, అంతవరకే. ‘మనం కొండకి పోదాం’ అనాలా, ‘మేము కొండకి పోతాం’ అనాలా అని తేల్చుకోకుండా తెలుగులో నోరు విప్పలేం. ఎదుటివాణ్ణి పిలుస్తున్నామో లేదో ముందే నిర్ణయించుకోవాలి. ఇంగ్లిషువాడు ఆ నిర్ణయాన్ని వాయిదా వేసుకోగలడు.

ఆలోచనకు తెలుగు పెట్టుకున్న పేరే ఒక తమాషా. ‘వస్తాడనుకున్నాను.’ అను, కొను. తనకోసం తాను అనడం. ఆలోచించడమంటే లోపల మాట్లాడుకోవడమేనని ఈ ఒక్క మాట చూపి వాదించవచ్చు, సభలో చప్పట్లు కూడా పడతాయి. కానీ మాట పుట్టుక సిద్ధాంతానికి రుజువు కాదు. ‘టప్పని పడింది’లోనూ ‘అని’ ఉంది, అక్కడ ఎవరూ ఏమీ అనలేదు.

ఈ ‘అని’ ఇంకో పనికి ఉపయోగపడుతుంది. వాక్య నిర్మాణం మాటలనుంచి విడిగా బతకగలదా అన్న ప్రశ్నకు ఇది మంచి జవాబు. తెలుగు, ఉర్దూ పక్కపక్కనే బతికిన ఊళ్ళలో దక్కనీ వినిపిస్తుంది. ఉత్తరాది ఉర్దూలో ‘ఉస్‌నే కహా కి...’ అని ముందు చెప్పాడన్నది, తర్వాత చెప్పిన సంగతి వస్తాయి. దక్కనీలో ‘ఆతూం బోల్‌కే బోలా’. తెలుగులో ‘వస్తానని చెప్పినాడు’. వరుస అచ్చు ఒకటే: సంగతి, తర్వాత ‘అని’, తర్వాత చెప్పడం. ‘బోల్‌కే’ అంటే ‘చెప్పి’, ‘అని’ అన్నా ‘చెప్పి’నే. ఒక్క తెలుగు మాట కూడా అరువు తీసుకోకుండా తెలుగు వాక్యం ఎముకలను తీసుకుంది దక్కనీ. కండ ఉర్దూది, ఎముకలు ద్రావిడానివి. మాటలు మారకుండా నిర్మాణం ఒక భాషనుంచి ఇంకో భాషకు వలస పోగలిగిందంటే, నిర్మాణానికి సొంత ఉనికి ఉన్నట్టే.

అర్థం తెలియని ఘనపాఠి

నిర్మాణం ఒక్కటే చాలా అన్న ప్రశ్న ఇప్పుడు కంప్యూటర్ల దగ్గరికి వచ్చి నిలిచింది. చైనీస్ రాని మనిషి ఒక గదిలో కూర్చుని, నియమాల పుస్తకం చూసి చైనీస్ గుర్తులకు చైనీస్ గుర్తులు జవాబిస్తే అతనికి చైనీస్ వచ్చినట్టా అని తత్వవేత్త జాన్ సెర్ల్ 1980లో అడిగాడు. రాదని ఆయన జవాబు.

తిరుపతివాళ్ళకు ఈ ఊహాచిత్రం అక్కర్లేదు, వేదపాఠం వింటే చాలు. ఘనపాఠంలో మొదటి మూడు పదాలను ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్ళీ ఒకటి రెండు మూడు అని తిప్పి పలుకుతారు. తిప్పినప్పుడల్లా సంధులు మారతాయి, స్వరాలు మారతాయి. పాఠం పొల్లు పోకుండా కాపాడటానికి ఏర్పాటయిన పద్ధతి ఇది. దీనంతటికీ అర్థం తెలిసి ఉండాల్సిన అవసరం లేదు. నియమాలు తెలిస్తే చాలు.

వేదానికి అర్థమే లేదని కౌత్సుడు అనే ఆయన వాదించినట్టు వేదంలోని మాటలకు అర్థాలు వివరించిన క్రీస్తు పూర్వం నాటి యాస్కుడు రాశాడు. కౌత్సుడు చూపిన కారణాల్లో ఒకటి మాటల వరుస గురించే. అర్థమున్న మాటల్లో ఒక మాట బదులు ఇంకో మాట వేయవచ్చు, వరుస మార్చవచ్చు. మంత్రంలో మాట మారకూడదు, వరుస మారకూడదు. మార్చడానికి వీల్లేనిది అర్థం కోసం పుట్టింది కాదు. ఎంత పదునైన వాదన! యాస్కుడి జవాబు సాదాగా ఉంటుంది: లోకంలోని మాటల్లోనూ వరుస మారనివి ఉన్నాయి, తండ్రీకొడుకులు అన్నట్టు. కొడుకూతండ్రులు అని ఎవరూ అనరు, అలాగని దానికి అర్థం లేకుండా పోలేదు. అదే యాస్కుడు, వేదం చదివి అర్థం తెలియనివాడు బరువు మోసే స్తంభం అన్న శ్లోకాన్నీ ఎత్తి చూపాడు. సెర్ల్ గదిలోని మనిషి పాతకాలపు రూపం ఆ స్తంభమే.

అయితే కౌత్సుడి ప్రశ్న అంత తేలిగ్గా వదలదు. అర్థమున్నచోట మార్పిడికి వీలుంటుందన్నది గట్టి గమనిక. ‘ఆవును తోలుకురా, గుర్రాన్ని కట్టెయ్’ అని మార్చి మార్చి వినడం వల్లే కదా బిడ్డకు మాటలు విడిపోయాయి. కోట్ల వాక్యాల్లో ఏ మాట బదులు ఏది వస్తోందో లెక్కగట్టే యంత్రం కూడా ఆ బిడ్డ చేసిన పనిలో సగం చేస్తోంది. మిగతా సగం ఆవు నడిచి రావడం చూడటం. ఆ సగం ఎంత ముఖ్యమన్న దాని మీదే ఇప్పటి తగాదా అంతా. ‘కోసిన చిక్కం’ అంటే చిక్కంతో కోశారని చిక్కాన్ని ఎప్పుడూ చూడనివాడికి ఎలా తెలియాలి? చిక్కం పక్కన ఏయే మాటలు వస్తాయో చూసి చెప్పవచ్చు, చాలాసార్లు సరిగానే చెప్పవచ్చు. మామిడితోట ఎరగని పట్నం పాఠకుడు ఈ వ్యాసం మొదటి పేరాలో చేసిన పని కూడా బహుశా అదే.

చూసినవాడికైనా అన్నిసార్లూ తేలుతుందన్న నమ్మకం లేదు. తిరుపతి బస్టాండు ఎంక్వైరీ కౌంటర్ దగ్గర ఇలాంటి మాటలు నడుస్తాయనుకోండి.

‘సార్, నేను దిగిన బస్సులో బ్యాగు మర్చిపోయినాను.’

‘దిగిన బస్సు’లో ఇబ్బంది లేదు. బస్సులోనుంచి దిగాడు, అపాదానం.

‘ఏ బస్సు?’

‘తిరుమల బస్సు సార్.’

ఇక్కడ రెండు పేర్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి, మధ్యలో ప్రత్యయం లేదు, క్రియ లేదు, ‘ఇన’ కూడా లేదు. సంప్రదానమా, అపాదానమా, అధికరణమా అని అడిగినా ఆ రెండు మాటలు నోరు విప్పవు. కింద బస్టాండులో నిలబడ్డవాడికి తిరుమల బస్సంటే కొండకు పోయేది. కొండనుంచి ఇప్పుడే దిగి వచ్చినవాడికి తనను తెచ్చినది. కొండ మీద ఇదే బస్సు తిరుపతి బస్సు.

కౌంటర్‌లో ఉన్నాయన రిజిస్టరు దగ్గరికి లాక్కుని, తలెత్తకుండానే అడుగుతాడు.

‘పైకి పోయేదా అన్నా, కిందికి వచ్చినదా?’